అలిపిరి మెట్ల లెక్క: గ్రాఫింగ్ కాలిక్యులేటర్‌లో మొదటి ప్రోగ్రామ్

[తెర మీద: బల్ల మీద టిఐ-84 ప్లస్ గ్రాఫింగ్ కాలిక్యులేటర్, పక్కన తెల్లకాగితం]

వాయిస్: మా తమ్ముడు తిరుపతిలో ఇంటర్ చదువుతున్నాడు. అమెరికా నుంచి వచ్చిన మేనమామ వాడికి ఈ కాలిక్యులేటర్‌ని ఇచ్చిపోయాడు. జేఈఈలో, ఈఏపీసెట్‌లో కాలిక్యులేటర్‌ని లోపలికే రానివ్వరు. కాబట్టి మార్కుల కోసం వచ్చినవాళ్లు ఈ వీడియో ఇక్కడే ఆపేయొచ్చు. ప్రోగ్రామింగ్ మొదలుపెట్టేవాళ్లకు మాత్రం ఇది భలే పనికొస్తుంది. 2004లో వచ్చిన మోడల్. వాడుకోడానికి 24 కిలోబైట్ల ర్యామ్, తెర మీద ఎనిమిది వరుసలు, అంతే. నోటిఫికేషన్ల గోల లేదు.

అలిపిరి నుంచి తిరుమలకు 3,550 మెట్లు. నిమిషానికి ఇన్ని ఎక్కితే పైకి ఎంతసేపు? అదీ మన లెక్క. నిమిషానికి ఎక్కే మెట్లను ఎస్ అందాం, పట్టే నిమిషాలను టి అందాం.

[క్లోజప్: కీలు]

వాయిస్: పీఆర్‌జీఎం కీ, కుడి బాణంతో న్యూ, ఎంటర్. పేరు ఎనిమిది అక్షరాలు దాటకూడదు. 'మెట్లు' అని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాం.

ఇక్కడ జాగ్రత్త. జవాబును తెర మీద చూపించే 'డిస్ప్' అనే ఆదేశాన్ని అక్షరం అక్షరం కొట్టకండి. అలా కొట్టి పక్కన టి పెడితే, యంత్రం దాన్ని డి, ఐ, ఎస్, పి, టి అనే అయిదు చరరాశుల గుణకారం అనుకుంటుంది. వాటిలో కొన్నిట్లో ఇంకా సున్నానే ఉంది కాబట్టి, తప్పని కూడా చెప్పకుండా సున్నా చూపించి ఊరుకుంటుంది. ఇంతకన్నా ఎర్రర్ రావడమే నయం! ఆదేశాలన్నీ మెనూలోంచే తీసుకోవాలి. ప్రోగ్రామ్ లోపల ఉండగా మళ్లీ పీఆర్‌జీఎం నొక్కితే ఐ/ఓ మెనూలో మనల్ని విలువ అడిగే ప్రాంప్ట్, చూపించే డిస్ప్ రెండూ ఉంటాయి.

[తెర మీద, వరుసగా]
ప్రాంప్ట్ ఎస్
3550/ఎస్→టి
డిస్ప్ టి

వాయిస్: ఆ బాణం గుర్తు 'స్టో' కీది. ఎడమ పక్క వచ్చిన జవాబును టి అనే డబ్బాలో వేస్తుంది. నడిపించి, ఎస్‌కి 30 ఇద్దాం. 118.3333333. రెండు గంటలకు కాస్త తక్కువ, అదీ ఎక్కడా ఆగకుండా ఎక్కితే.

తమ్ముడు: అన్నా, సున్నా కొడితే?

వాయిస్: కొట్టి చూడరా.

[తెర మీద: సున్నాతో భాగహారం అనే ఎర్రర్, కింద క్విట్, గోటూ]

వాయిస్: అలిపిరిలోనే కూర్చున్నవాడు ఎప్పుడు చేరతాడో దానికి మాత్రం ఏం తెలుస్తుంది? గోటూ నొక్కితే తప్పు జరిగిన వరుసకే తీసుకుపోతుంది. దాని పైన రెండు వరుసలు చేర్చాలి. వరుస మొదట్లో కర్సర్ ఉంచి, సెకండ్, డెల్, ఆపైన ఎంటర్. ఖాళీ వరుస వస్తుంది.

[తెర మీద]
ఇఫ్ ఎస్=0
స్టాప్

వాయిస్: 'ఇఫ్' షరతు నిజం కాకపోతే, దాని కింది ఒక్క వరుసనే వదిలేసి ముందుకు పోతుంది. సమానం గుర్తు కీల మీద వెతక్కండి. సెకండ్ నొక్కి మ్యాథ్ నొక్కితే వచ్చే టెస్ట్ మెనూలో ఉంటుంది.

తమ్ముడు: శ్రీవారి మెట్టు దారికి వేరే ప్రోగ్రామ్ రాయాల్నా?

వాయిస్: అక్కర్లేదు. 3550 తీసేసి అక్కడ ఏ పెట్టు, పైన ప్రాంప్ట్ దగ్గర ఏ, ఎస్ రెండూ అడిగించు. ఏ-కి ఆ దారి మెట్లు 2388, ఎస్‌కి 30 ఇస్తే 79.6 నిమిషాలు. ఇక దాన్ని గంటలుగా, నిమిషాలుగా విడగొట్టడం మీ పని. మ్యాథ్ కీలో 'నమ్' మెనూ కింద, దశాంశాలు తీసేసి పూర్ణాంకాన్ని ఇచ్చే 'ఇంట్' ఉంటుంది, టి/60ని దానికిచ్చి చూడండి.