బ్రోకరేజ్ అకౌంట్: మీ పేరు పక్కన ఏం రాసి ఉంది?

నమస్తే అండీ. అమెరికాలో షేర్లు కొనడానికి బ్రోకరేజ్ అకౌంట్ తెరిచేటప్పుడు మొదట్లోనే ఒక ప్రశ్న వస్తుంది, ఇండివిడ్యువలా, జాయింటా, ట్రస్టా అని. చాలామంది ఏదో ఒకటి నొక్కేసి ముందుకు వెళ్ళిపోతారు. దయచేసి అక్కడ కాసేపు ఆగండి, ఎందుకంటే మీ తర్వాత ఆ డబ్బు ఎవరి చేతికి వెళ్తుందో చాలావరకు అక్కడే తేలిపోతుంది.

ఇండివిడ్యువల్ అంటే ఒక్కరి పేరు మీదే. పేరు, పుట్టిన తేదీ, చిరునామా, సోషల్ సెక్యూరిటీ నంబర్ ఇస్తే దాదాపు సరిపోతుంది. కానీ లబ్ధిదారు పేరు పెట్టకుండా యజమాని చనిపోతే, భార్య అయినా సరే నేరుగా డబ్బు తీసుకోలేదు, సాధారణంగా ప్రొబేట్ కోర్టు, అంటే చనిపోయినవాళ్ళ ఆస్తి ఎవరికి వెళ్ళాలో తేల్చే కోర్టు దారి పట్టాల్సిందే. దీనికి మందు టీఓడీ, అంటే ట్రాన్స్‌ఫర్ ఆన్ డెత్, మీ తర్వాత అకౌంట్ ఎవరికి వెళ్ళాలో ముందే రాసి ఇవ్వడం. ఒక్క ఫారం నింపితే చాలు. విల్లులో ఇంకెవరి పేరో ఉన్నా మామూలుగా ఈ ఫారంలో ఉన్న పేరే చెల్లుతుంది, కాబట్టి పెళ్ళి, పిల్లలు, విడాకులు ఇలా ఇంట్లో ఏ మార్పు వచ్చినా దాన్ని మళ్ళీ తీసి చూడండి.

అసలు చిక్కంతా జాయింట్‌లో ఉంది. ఇద్దరి వివరాలూ, ఇద్దరి సంతకాలూ కావాలి, అది మామూలే. కానీ ఇందులో రకాలున్నాయి. సర్వైవర్‌షిప్ హక్కుతో ఉంటే ఒకరు పోయాక మొత్తం రెండోవాళ్ళదే. టెనెంట్స్ ఇన్ కామన్ అయితే ఎవరి వాటా వాళ్ళది, 60:40 అని కూడా పెట్టుకోవచ్చు, పోయినవాళ్ళ వాటా వాళ్ళ వారసత్వ ఆస్తిలో కలుస్తుంది. ఇప్పుడు ఒక అమ్మ, ముగ్గురు పిల్లలు అనుకోండి. పనులు చూసుకోవడానికి వీలుగా ఉంటుందని పెద్దమ్మాయి పేరు సర్వైవర్‌షిప్‌తో కలిపింది. అమ్మ పోయాక చట్టప్రకారం అదంతా పెద్దమ్మాయిదే! అమ్మ మనసులో ముగ్గురికీ సమానంగా పంచాలని ఉన్నా సరే. నన్నడిగితే, లావాదేవీలు చూడటానికే అయితే పవర్ ఆఫ్ అటార్నీ ఇస్తే చాలు, యజమానిగా చేర్చక్కర్లేదు.

పిల్లల కోసం తెరిచే కస్టోడియల్ అకౌంట్‌కి పిల్లల సోషల్ సెక్యూరిటీ నంబర్ కూడా ఇవ్వాలి. అందులో వేసిన డబ్బు వాళ్ళదే, వెనక్కి తీసుకోలేరు, చాలా రాష్ట్రాల్లో 18 లేదా 21 ఏళ్ళు నిండాక పూర్తిగా వాళ్ళ చేతికే వెళ్తుంది. ట్రస్ట్ అయితే దాని పూర్తి పేరు, తేదీ, ట్రస్టీల వివరాలు పత్రాల్లో ఉన్నట్టే అక్షరం తేడా లేకుండా రాయాలి.

(తెర మీద: స్టేట్‌మెంట్ పై భాగం)

ఈరోజే మీ స్టేట్‌మెంట్ తీయండి. పేరు పక్కన జేటీ టెన్ (సర్వైవర్‌షిప్ ఉన్న జాయింట్) అని ఉందా, టెన్ కామ్ (టెనెంట్స్ ఇన్ కామన్) అని ఉందా, టీఓడీ అని ఉందా? ఒక్క పేరే ఉండి పక్కన ఏమీ లేకపోతే, బ్రోకర్‌కి ఫోన్ చేసి లబ్ధిదారు ఎవరైనా నమోదై ఉన్నారో లేదో కనుక్కోండి, లేకపోతే ఆ ఫోన్‌లోనే టీఓడీ ఫారం అడగండి.