వేళ్లు అరగలేదు బాబూ, నొక్కి చంపేశారు!

ఆయ్, నమస్కారమండి. ఇవాళ ఒక్కటే మాట. తిట్టుకుంటే తిట్టుకోండి, పర్లేదు. ఎఫ్‌బీఐకి, అంటే అమెరికా కేంద్ర దర్యాప్తు సంస్థకి, పంపిన మీ వేలిముద్రల కార్డు రిజెక్ట్ అయిందంటే తప్పు మీ వేళ్లది కాదు. నొక్కుడుది! నొక్కుడండి బాబూ, నొక్కుడు!

గొడవ మీకు తెలిసిందే. అమెరికాలో చదువో ఉద్యోగమో చేసి భీమవరం, అమలాపురం తిరిగొచ్చినవాళ్లు ఇప్పుడు కెనడాకో ఆస్ట్రేలియాకో వలస వెళ్లడానికి పెట్టుకుంటున్నారు. గత పదేళ్లలో ఏకబిగిన ఆర్నెల్లు అమెరికాలో ఉంటే కెనడా వాళ్లు అక్కడ కేసులున్నాయో లేదో చెప్పే ఎఫ్‌బీఐ సర్టిఫికెట్ తెమ్మంటారు. ఆస్ట్రేలియాకైతే మొత్తం కలిపి 12 నెలలు. సరే, 18 డాలర్లు కట్టి, వేలిముద్రలు పంపిస్తే ‘ముద్రలు పనికిరావు’ అని కబురు. ఇహ మన కామెంట్లు చూడాలి! రొయ్యల చెరువుల్లో సున్నం, బ్లీచింగ్ చల్లి చల్లి వేళ్లు అరిగిపోయాయని ఒకరు. మోరి జీడిపిక్కల రసం తినేసిందని ఇంకొకరు. ఒకాయనైతే ఏకంగా ‘ఏదో పాత కేసు ఉండుంటుంది’ అని తేల్చేశాడు. ఏవండోయ్, ముద్ర చదవలేకపోతే కేసు ఉందో లేదో వాళ్లకి మాత్రం ఎలా తెలుస్తుందండీ?

నా లెక్క వేరే. మనకి చిన్నప్పట్నుంచీ ఒకటే అలవాటు. రిజిస్ట్రారాఫీసుకెళ్తే ‘గట్టిగా నొక్కమ్మా’. డ్వాక్రా తీర్మానం పుస్తకంలో ‘గట్టిగా నొక్కు’. రేషన్ మెషీన్ దగ్గర ‘ఇంకా గట్టిగా’. ఆ నిశానీ చెయ్యే ఎఫ్‌బీఐ కార్డు మీదకీ వచ్చేసింది. గట్టిగా నొక్కితే గీతల మధ్య సందుల్లోకి ఇంకు దిగిపోతుంది, మిగిలేది నల్ల మచ్చ. పైగా నొక్కితే వేలు మధ్యభాగమే పడుతుంది. అక్కడ కావాల్సింది దొర్లించిన ముద్ర. గోరు ఈ అంచు నుంచి ఆ అంచు దాకా!

అంచులెందుకంటారా? గీతలు మూడు వైపుల నుంచి వచ్చి కలిసే చోటుని వేలిముద్రల వాళ్లు డెల్టా అంటారు. అవునండి, డెల్టానే, మనమున్నదీ అదే. గీతలు వంపు తిరిగి వచ్చిన వైపుకే వెళ్లిపోయే లూప్ రకం ముద్రలో అది ఒకటుంటుంది, సుడి ఉన్నదాంట్లో రెండు. ఉండేదేమో పక్కల్లో. నిలువుగా నొక్కారంటే డెల్టా కార్డు ఎక్కదు.

ఇంకో సంగతి. 1858లో బెంగాల్లోని జంగీపూర్‌లో హెర్షెల్ అనే తెల్లదొర ఒక కాంట్రాక్టర్ చేత కాగితం మీద అరచెయ్యి మొత్తం అద్దించాడు. రేపు ‘సంతకం నాది కాదు’ అనకుండా బెదరగొట్టడానికి! 1897కల్లా కలకత్తాలో వేలిముద్రల బ్యూరో వచ్చేసింది. అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అనే మన ఇన్‌స్పెక్టర్లు లెక్కలు కట్టి ముద్రల్ని రకాలుగా విడదీసే పద్ధతి తేల్చితే పేరు మాత్రం పై అధికారి హెన్రీకి పోయింది. అది ఇంకో వీడియోకి సరిపడా మంట. ఇప్పటికి ఇంతే: ప్రపంచం 1897లోనే ముందుకెళ్లిపోయింది, మన నొక్కుడు ఇంకా 1858లోనే ఉంది.

ఇప్పుడు అసలు పని. స్టాంప్ ప్యాడ్ ఎవరైనా తీస్తే అక్కడే ఆపండి. ఆ ఊదా రంగు, నీలం రంగు వద్దు, నల్లదే కావాలి. నల్ల ప్రెస్ ఇంకు చుక్కంత గాజు పలక మీద వేసి, రబ్బరు రోలరుతో పల్చగా, సమంగా పరచాలి. వేలిని మొదటి కణుపు గీత కిందిదాకా ఇంకు మీద దొర్లించి, తర్వాత కార్డు మీద అలాగే ఒక్కసారి, ఒకే వైపుకి. వెనక్కి తిప్పారా, రెండు ముద్రలు ఒకదానిమీదొకటి పడి ఖతం. నాలుగు వేళ్లూ ఒంటికి దూరంగా తిప్పాలి, బొటనవేళ్లు ఒంటివైపుకి. అంటే చెయ్యి మెలిపడి ఉన్న వైపు మొదలుపెట్టి, సుఖంగా ఉండే వైపు ఆపడం. మీరు మాత్రం సాయం చెయ్యకండి! చెయ్యి వదులుగా వదిలేసి ఎటో చూడండి. తీసేవాళ్లే తిప్పాలి. మీరు సాయం చేస్తే వేలు జారుతుంది.

గడులు 14. పై వరసలో కుడి చేతి అయిదు, కింద ఎడమ చేతి అయిదు, బొటనవేలితో మొదలు. అడుగున మాత్రం దొర్లించకుండా ఆనించేవి: ఎడమ నాలుగు వేళ్లు కలిపి, రెండు బొటనవేళ్లు, కుడి నాలుగు వేళ్లు. పైన వేళ్లు తారుమారయ్యాయేమో ఈ అడుగు వరసతో పోల్చి చూస్తారు. వేలు లేకపోయినా, కట్టు ఉన్నా గడి ఖాళీగా వదలకండి, కారణం అందులో రాయించండి.

ఇప్పుడు ఆ సున్నం సంగతి. అరగదా అంటే అరుగుతుందండి, కాదన్ను. కానీ అరిగేది పై చర్మమే, లోపలి పొర దెబ్బతినకపోతే అవే గీతలు మళ్లీ వస్తాయి. మూడు నాలుగు వారాలు చేతికి తొడుగు వేసుకుని, రాత్రిళ్లు కొబ్బరి నూనె రాయండి. ముద్రలిచ్చే రోజు మాత్రం చుక్క కూడా వద్దు! ఇక్కడే ‘ఆధార్ చిట్కాలు’ జనాన్ని ముంచుతున్నాయి. ఆ మెషీన్ గాజుకి చర్మం బాగా అంటుకోవాలి, అందుకే తడి చేసుకోమంటారు. ఇంకు దగ్గర పూర్తిగా రివర్స్, తేమ ఉంటే ఇంకు పట్టదు. మన మే నెల ఉక్కలో మధ్యాహ్నం మూడింటికి వెళ్లి ముద్రలిస్తానంటే ఇంకేం పడతాయి? పొద్దున్నే వెళ్లండి. స్పిరిట్, దూది పట్టుకెళ్లి ఒక్కో వేలూ తుడిచి, ఆరాక ఇంకు అద్దించండి.

‘ఆధార్‌లో ఉన్నాయిగా, అవే పంపేస్తే పోలా’ అనే మేధావులకి: ఆధార్ చట్టం 29వ సెక్షన్ ప్రకారం ఆ వేలిముద్రలు ఎవరికీ ఇవ్వకూడదు. మీరడిగినా సరే.

ఈ గడుల కార్డు ఫారం మామూలు తెల్ల కాగితం మీద ప్రింట్ తీసుకున్నా ఎఫ్‌బీఐ ఒప్పుకుంటుంది. జెరాక్స్ షాపులో ‘పేజీకి సరిపెట్టు’ నొక్కనివ్వకండి, గడులు కుంచించుకుపోతాయి. నూటికి నూరు శాతం సైజులో తీయమనండి. ముద్రలేమో ఒరిజినల్ ఉండాలి, జెరాక్స్ చెల్లదు. ఒక్క సెట్టుతో లేచి రాకండి, రెండు మూడు తీయించి అన్నీ ఒకే కవర్లో పెట్టండి. మడత పెట్టకండి, అట్టముక్క అడ్డం పెట్టండి. ముందు ఆన్‌లైన్‌లో అప్లికేషన్ పెట్టి, వచ్చిన కన్ఫర్మేషన్ కాగితం కూడా జత చేస్తే జవాబు ఆన్‌లైన్‌లోనే వస్తుంది. ఈ మాత్రానికి వేలకి వేలు ‘గ్యారంటీ’ ఫీజు అడిగే ఏజెంట్ ఎవరైనా తగిలితే ముందు ఒక్కటే అడగండి: బొటనవేలు ఎటు తిప్పాలి బాబూ? చెప్పలేకపోతే లేచి వచ్చెయ్యండి. ఏం చెప్పాడో కింద కామెంట్లో పెట్టండి, అందరం చదువుకుంటాం.