అన్నపూర్ణ సర్క్యూట్‌కు హైదరాబాద్‌లో నాలుగు నెలల సన్నాహం: ఏది అక్కరకొచ్చింది, ఏది రాలేదు

ప్రేక్షకులందరికీ నమస్కారం. ఈ బల్లమీద మీరు చూస్తున్న సామాను అంతా గత అక్టోబరులో నాతోపాటు నేపాల్‌లోని అన్నపూర్ణ సర్క్యూట్ నడిచి వచ్చింది. ఒక దారిని ఒక కొసన మొదలుపెట్టి రెండో కొస దాకా నడవడాన్ని త్రూ హైక్ అంటారు. అమెరికాలోని అపలాచియన్ ట్రయల్ వంటి దారులు సుమారు 3,500 కిలోమీటర్లు ఉంటాయి, వాటికి నెలల తరబడి సమయం కావాలి. ఉద్యోగం చేసుకుంటూ మొదటిసారి ఇలాంటి నడక పెట్టుకునేవారికి, దారి పొడవునా బస, భోజనం దొరికే అన్నపూర్ణ సర్క్యూట్ మంచి ఆరంభమని నా అభిప్రాయం. మనకు నేపాల్ వీసా అక్కరలేదు, పాస్‌పోర్టు గాని ఓటరు గుర్తింపు కార్డు గాని ఉంటే చాలు. ఇక్కడున్న ప్రతి వస్తువూ నా సొంత డబ్బుతో కొన్నదే. వాటితోపాటు జూన్ నుంచి సెప్టెంబరు దాకా నేనూ మా బావగారూ ఇక్కడే చేసిన సాధనను కూడా ఈ వీడియోలో సమీక్షిస్తాను.

ముందుగా బూట్లు. ఎడమ చేతివైపు ఉన్న జత నేను మొదట కొన్నది. దుకాణంలో నా పాదం కొలిచి, ప్రతిరోజూ వేసుకునే కొలతనే ఇచ్చారు, నేనూ అలాగే తీసుకున్నాను. జూలైలో ఒక ఆదివారం వాటితో భువనగిరి కోట రాతిగుట్టను మూడుసార్లు ఎక్కి దిగాము. ఎక్కేటప్పుడు ఏ ఇబ్బందీ తెలియలేదు. దిగేటప్పుడు మాత్రం అడుగడుగునా పాదం ముందుకు జారి బొటనవేలు బూటు కొసకు తగులుతూనే ఉంది. మూడో రోజుకు గోరు నల్లబడింది, నెల తిరిగేసరికి ఊడిపోయింది. ఆ తరువాత సాయంత్రం పూట, అంటే పాదాలు కాస్త ఉబ్బి ఉన్న సమయంలో, నడకకు వాడే మందపాటి ఉన్ని మేజోళ్లు తొడుక్కుని వెళ్లి, ఒక కొలత పెద్దదైన ఈ కుడివైపు జతను కొన్నాను. మడమ కదలకుండా లేసును చీలమండ దగ్గర బిగించి, వేళ్ల దగ్గర వదులుగా ఉంచడం అలవాటు చేసుకున్నాను. మొత్తం ప్రయాణంలో ఒక్క బొబ్బ కూడా రాలేదు. ఆ గోరు భువనగిరిలో కాకుండా కొండల్లో పోయి ఉంటే నా నడక సగంలోనే ఆగిపోయేది, అందుకే కొత్త బూట్లతో నేరుగా బయలుదేరవద్దని మిమ్మల్ని గట్టిగా కోరుతున్నాను.

ఈ దారిలో అసలు పరీక్ష దిగుడే. థొరాంగ్ లా కనుమ 5,416 మీటర్ల ఎత్తున ఉంది. దాన్ని దాటిన రోజే సుమారు 1,600 మీటర్లు కిందికి దిగి ముక్తినాథ్ చేరాలి. అంత దిగుడుకు తొడ కండరాలు సిద్ధంగా లేకపోతే ఆ భారమంతా మోకాళ్లమీదే పడుతుంది. మా అపార్టుమెంటు మెట్లు, గోల్కొండ కోట మెట్లు ఈ విషయంలో మాకు ఎంతో మేలు చేశాయి. సంచిలో నీళ్ల సీసాలు పెట్టుకుని ఎక్కి, పైన పారబోసి ఖాళీగా దిగమని చాలామంది చెబుతారు, మొదటి రెండు నెలలు మేమూ అలాగే చేశాము. చివరి రెండు నెలలు మాత్రం బరువుతోనే, నింపాదిగా, అడుగు చప్పుడు వినబడకుండా దిగడం సాధన చేశాము. యాభై ఏళ్లు దాటిన మా బావగారు ముక్తినాథ్‌లో మోకాలికి కట్టు కట్టుకోవలసిన అవసరం రాకపోవడానికి ఈ సాధన, ఈ రెండు ట్రెక్కింగ్ కర్రలు కారణమని నేను నమ్ముతున్నాను.

ఇక సంచి. ఇది 45 లీటర్లది. మొదటిసారి సర్దినప్పుడు వేలాడదీసి తూచే చిన్న కాటామీద 9 కిలోల 400 గ్రాములు తూగింది. రెండో జీన్స్ ప్యాంటు, మూడు నూలు చొక్కాలు, పెద్ద తువ్వాలు తీసేస్తే 7 కిలోల 600 గ్రాములకు వచ్చింది. నూలు బట్టలు తీసేయడానికి కారణం బరువు ఒక్కటే కాదు. చెమటకు తడిసిన నూలు చలిలో ఆరదు, ఒంటి వేడిని లాగేస్తుంది. సంచిని భుజాలకు తగిలించుకున్నాక నడుము పట్టీని తుంటి ఎముకలమీద బిగిస్తే బరువులో ఎక్కువ భాగం అక్కడ నిలుస్తుంది, భుజాల పట్టీలు సంచిని వెనక్కు వాలకుండా పట్టి ఉంచితే సరిపోతుంది. దీనితోపాటు వచ్చిన వాన తొడుగు మాత్రం నాకు నచ్చలేదు. ఆగస్టులో నెక్లెస్ రోడ్డుమీద కావాలనే గంటసేపు జోరువానలో నడిచి చూశాను. తొడుగు బయటివైపు బాగానే కాచింది, కాని వీపుకూ సంచికీ మధ్య కారిన నీళ్లు లోపలికి దిగి స్లీపింగ్ బ్యాగు అడుగుభాగం తడిసిపోయింది. బేగంబజారులో కొన్న ఈ మందపాటి పాలిథిన్ సంచిని లోపల పరచి, అందులో బట్టలు పెట్టి మూతి మెలితిప్పి కట్టిన తరువాత ఆ సమస్య తీరిపోయింది.

నీళ్ల ఫిల్టరు బాగా పనిచేసింది. రాత్రి గడ్డకడితే అందులోని సన్నని గొట్టాలు పాడవుతాయి కనుక ఎత్తుకు వెళ్లాక దాన్ని స్లీపింగ్ బ్యాగులో నా పక్కనే పెట్టుకుని పడుకునేవాడిని. తిండి గురించి పెద్దగా చెప్పవలసింది లేదు, బసల్లో పప్పూ అన్నం కడుపునిండా పెడతారు. మా అమ్మ కట్టి ఇచ్చిన కరివేపాకు పొడి మాత్రం చలికి ఆకలి మందగించిన రోజుల్లో నాలుగు ముద్దలు ఎక్కువ తినిపించింది, అందువల్ల దాని 200 గ్రాముల బరువు నాకు ఎప్పుడూ భారమనిపించలేదు.

హైదరాబాద్‌లో సాధన చేయలేనిది ఒక్కటే, ఎత్తు. మన నగరం సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున ఉంది, థొరాంగ్ లా దగ్గర ఊపిరికి అందే ఆక్సిజన్ సముద్రతీరంలో అందేదానిలో దాదాపు సగమే. ఎంత దృఢంగా ఉన్నవారికైనా అక్కడ తలనొప్పి, వాంతులు రావచ్చు. బాగా మెట్లెక్కగలిగినవారు తొందరపడి వేగంగా వెళ్లే ప్రమాదం కూడా ఉంది. 3,000 మీటర్లు దాటాక ఒక రాత్రికీ మరుసటి రాత్రికీ మధ్య పడుకునే ఎత్తు 500 మీటర్లకు మించి పెరగకూడదని, మూడు నాలుగు రోజులకొకసారి ఆగాలని వైద్యులు చెబుతారు. సుమారు 3,500 మీటర్ల ఎత్తున ఉన్న మనాంగ్‌లో ఇందుకోసమే ఎక్కువమంది రెండు రాత్రులు ఉంటారు. ఎత్తుకు వేసుకునే మాత్రల విషయంలో ముందుగానే మీ డాక్టరును అడగండి, బీమా పాలసీ ఎంత ఎత్తు వరకు వర్తిస్తుందో చదివి చూసుకోండి.

ఈ సన్నాహమంతటిలో అన్నిటికంటే విలువైనది ఈ బల్లమీద లేదు. అది నేను ఆఫీసులో అదనంగా అడిగి తీసుకున్న మూడు రోజుల సెలవు. 2014 అక్టోబరు 12న విశాఖపట్నాన్ని దెబ్బతీసిన హుద్‌హుద్ తుపాను మనందరికీ గుర్తుంది. ఆ తుపాను శేషమే ఉత్తరంగా కదిలి, అక్టోబరు 14న అన్నపూర్ణ ప్రాంతంలో భారీ మంచుతుపానుగా మారి, థొరాంగ్ లా దారిలోను ఆ చుట్టుపక్కలా 40 మందికి పైగా ప్రాణాలు తీసింది. బంగాళాఖాతంలో పుట్టిన గాలి రెండు రోజుల్లో హిమాలయాల కనుమను మూసేయగలదని తెలిశాక, తిరుగు టికెట్టు తేదీ చూసుకుని కనుమ దాటే పరిస్థితి మాకు రాకూడదని నిశ్చయించుకున్నాను. మా ప్రయాణంలో మనాంగ్ దగ్గర మంచు కురిసి ఒక రోజు ఆగిపోయాము. అప్పుడు మా బావగారు ఒక్కమాట కూడా తొందరపెట్టకుండా పొయ్యి పక్కన కూర్చుని మేజోళ్లు ఆరబెట్టుకున్నారు. మిగిలిన రెండు రోజులు ముక్తినాథ్‌లో ఉండి, గుడి వెనుక 108 ధారల కింద చన్నీళ్ల స్నానం చేసి, మెల్లగా కిందికి దిగి వచ్చాము.