పది శాతం మెదడు అనే అపోహ, పెన్నా కాలువ చెప్పే లెక్క

(దృశ్యం: నెల్లూరు బ్యారేజీకి దిగువన కాలువ గట్టు. వ్యాఖ్యాత నిలబడి మాట్లాడతారు.)

నమస్కారం. వేసవి సెలవులు దగ్గర పడగానే నెల్లూరు, ఒంగోలు గోడల మీద ఒక రకం ప్రకటనలు మొలుస్తాయి. మనిషి తన మెదడులో పది శాతాన్ని మాత్రమే వాడుకుంటాడనీ, నిద్రపోతున్న తొంభై శాతాన్ని కొద్దిపాటి శిక్షణతో మీ బిడ్డలో మేల్కొల్పుతామనీ వాటి సారాంశం. ప్రదర్శనలో పిల్లవాడి కళ్లకు గంతలు కట్టి పుస్తకం చదివిస్తారు, తల్లిదండ్రులు ఆశ్చర్యపోయి రుసుము కడతారు. ముక్కు పక్కన మిగిలిన సందులోంచి కిందికి చూడడానికి తొంభై శాతం మెదడు మేల్కోవలసిన పని లేదని నా అభిప్రాయం. రుసుము సంగతి అటుంచితే, ఆ మాట నమ్మినవారికి మెదడులో జరిగే అసలు వింత కనబడకుండా పోతుందన్నదే నా బాధ. మెదడులో ఊరికే పడి ఉన్న భాగమంటూ ఏదీ లేదు. అయితే అంతా ఒక్కసారిగా పనిచేయదు, చేయడానికి దానికి ఇంధనం చాలదు. ఉన్న ఇంధనాన్ని క్షణక్షణానికీ వంతులు వేసుకుని పంచుకుంటుంది. ఆ పంపకం గురించి చెప్పాలనే ఈ గట్టు మీదికి వచ్చాను.

కాలువ సంగతి మన జిల్లావారికి నేను వివరించనక్కరలేదు. సోమశిల జలాశయం సామర్థ్యం సుమారు 78 టీఎంసీలు. అక్కడ వదిలిన నీరు సంగం దగ్గర ఒకసారి, నెల్లూరు దగ్గర మరొకసారి ఆగి, కాలువల్లోకీ, పిల్లకాలువల్లోకీ, చివరికి మడుల్లోకీ చేరుతుంది. జలాశయం నిండుగా ఉన్న ఏడాది ఎవరూ ఎవరినీ అడగరు. నీరు తక్కువగా ఉన్న ఏడాది ఎడగారుకు, అంటే రెండో పంటకు మాత్రం వంతులు తప్పవు. ప్రకాశం జిల్లాలో సాగర్ కుడికాలువ శివారు రైతులకు వారబందీ అనే మాట ఇంకా బాగా తెలుసు. ఈ రోజు ఈ తూము కింద చేలకు నీరు, మరి కొన్ని రోజులకు ఆ తూము కింద చేలకు. అటువంటి రోజున ఎవరో పొరుగూరివారు వచ్చి, తెరిచి ఉన్న నాలుగు తూములను చూసి, "మీ ఆయకట్టులో పదో వంతే సాగవుతోంది, మిగిలినదంతా బీడు" అని తీర్పు చెప్పి వెళ్లారనుకోండి. కోవూరు రైతు ఆ మనిషిని ఏమంటాడో నేను ఇక్కడ చెప్పలేను.

పది శాతం ప్రచారం చేసేవారు ఆ పొరుగూరి మనిషి వంటివారే. ఇక మెదడు లెక్కలు చూద్దాము.

(తెర మీద: 2 శాతం బరువు, 20 శాతం ఇంధనం.)

పెద్దవారి మెదడు దాదాపు 1.4 కిలోల బరువు ఉంటుంది, అంటే శరీరం బరువులో సుమారు 2 శాతం. ఊరికే కూర్చున్నప్పుడు శరీరం ఖర్చుపెట్టే శక్తిలో దాదాపు 20 శాతం మెదడుకే పోతుంది. వాట్లలో చెప్పాలంటే అది సుమారు 20 వాట్లు. ఇందులో ఎన్ని నాడీకణాలు ఉన్నాయన్న ప్రశ్నకు పుస్తకాలన్నీ చాలాకాలం పాటు పది వేల కోట్లు అని గుండ్రంగా రాస్తూ వచ్చాయి. ఆ అంకె వెనుక సరైన లెక్క ఏదీ లేదని గమనించిన బ్రెజిల్ శాస్త్రవేత్త సుజానా హెర్కులానో-హౌజెల్, మెదడు కణజాలాన్ని ద్రవంగా కరిగించి, అందులో తేలే కణకేంద్రకాలను లెక్కించే పద్ధతిని రూపొందించారు. ఆ పద్ధతిలో 2009లో తేలిన సంఖ్య 8,600 కోట్లు. అందులో 6,900 కోట్లు తల వెనుక భాగంలో ఉండే చిన్నమెదడులోనే ఉన్నాయి. మనం గొప్పగా చెప్పుకునే పైపొరకు, అంటే ఆలోచనకూ భాషకూ నిలయమైన వల్కలానికి దక్కినవి సుమారు 1,600 కోట్లు మాత్రమే.

ఇన్ని కణాలకు 20 వాట్లు పంచాలి. నాడీకణం ఒక్కసారి సంకేతం పంపిందంటే, ఆ సంకేతం కోసం కణపు పొర దాటి లోపలికి వచ్చిన సోడియంను తిరిగి బయటికి తోడిపోయాలి. మెదడు ఖర్చులో పెద్ద భాగం ఆ తోడకానికే పోతుంది. ఒక్కొక్క సంకేతానికి ఎంత శక్తి ఖర్చవుతుందో గణించిన పీటర్ లెన్నీ అనే శాస్త్రవేత్త 2003లో ఒక విషయం తేల్చారు. మన వల్కలానికి అందే శక్తిని బట్టి చూస్తే, ఒకే సమయంలో గట్టిగా పనిచేయగలిగిన నాడీకణాలు బహుశా ఒక శాతం కంటే తక్కువే ఉంటాయి. పది శాతం అని రాసినవారు ఆ రకంగా చాలా ఉదారంగానే రాశారన్నమాట. ఈ ఒక శాతం ఏ క్షణానికి ఆ క్షణం మారిపోతూ ఉంటుంది. ఇప్పుడు నా మాట వింటున్నప్పుడు తెరిచి ఉన్న తూములు వేరు, కాసేపటికి మీరు లేచి మంచినీళ్ల కోసం వెళ్లేటప్పుడు తెరుచుకునే తూములు వేరు. రోజు మొత్తం మీద చూస్తే శివారు భూములతో సహా ఆయకట్టంతా తడుస్తుంది.

తడవకుండా మిగిలిన భూమి లేదని ఎలా తెలుసు? అటువంటి భూమి ఉంటే అక్కడ దెబ్బ తగిలినా ఎవరికీ ఏమీ కాకూడదు. 1861లో పారిస్‌లో పాల్ బ్రోకా అనే వైద్యుడు చూసిన లెబోర్న్ అనే రోగికి ఎదుటివారి మాటలు చాలావరకు అర్థమయ్యేవి, కానీ అతని నోటి నుంచి 'టాన్' అనే ఒక్క శబ్దం తప్ప దాదాపు మరేమీ వచ్చేది కాదు. అతడు మరణించాక పరీక్షించగా మెదడు ఎడమవైపు ముందుభాగంలో దెబ్బతిన్న చోటు బయటపడింది. అప్పటి నుంచి ఇప్పటివరకు పక్షవాతం కేసులన్నీ ఇదే సాక్ష్యం చెబుతున్నాయి. మెదడులో చిన్న రక్తనాళం ఒకటి మూసుకుంటే ఒకరికి మాట పోతుంది, ఒకరికి చేయి పడిపోతుంది, ఇంకొకరికి తెలిసిన ముఖాలు గుర్తుపట్టే శక్తి పోతుంది. తొంభై శాతం ఖాళీగా ఉన్న అవయవం ఇలా ప్రవర్తించదు.

ఇప్పుడు ఈ కథలో నాకు అన్నింటికంటే ఇష్టమైన ఘట్టానికి వస్తాను. గట్టిగా ఆలోచిస్తే మెదడుకు ఎక్కువ రక్తం కావాలని ఎవరికైనా అనిపిస్తుంది. 1955లో లూయిస్ సోకొలోఫ్, ఆయన సహచరులు దానిని పరీక్షించారు. కొందరిని పడుకోబెట్టి మనసులో లెక్కలు చేయమన్నారు, ఆ సమయంలో మెదడు మొత్తానికి ఎంత రక్తం పారుతోందో, ఎంత ఆక్సిజన్ ఖర్చవుతోందో కొలిచారు. లెక్కలు చేస్తున్నప్పుడూ, ఏమీ చేయకుండా ఉన్నప్పుడూ మొత్తంలో చెప్పుకోదగిన తేడా కనిపించలేదు. ఆనాడు ఇది వింతగా తోచి ఉంటుంది కానీ కాలువ గట్టు మీద నిలబడి చూసేవారికి ఇందులో వింత లేదు. సోమశిల నుంచి వచ్చే నీరు పెరగలేదు, తూములు మారాయి, అంతే.

తూములు మారతాయన్న సంగతి అంతకుముందే ఇటలీలో ఏంజెలో మోసో కళ్లారా చూశారు. ప్రమాదంలో పుర్రె ఎముక కొంత పోయిన ఒక రైతు తలలో మెదడు అదురు బయటికే కనిపించేది. మోసో దానిని ఒక పరికరంతో నమోదు చేస్తుండగా మధ్యాహ్నం చర్చి గంట మోగింది. ఆ రైతుకు ప్రార్థన గుర్తుకు వచ్చింది, వెంటనే మెదడు అదురు పెరిగింది, ముంజేతి నాడిలో మాత్రం మార్పు లేదు. ఒక తలపు రాగానే రక్తం కదిలింది. గుండె చేసిన పని కాదది, మెదడులోని ఆ చోటు తన వాటాను తానే అడిగి తెచ్చుకుంది.

ఇక్కడ మన కాలువకూ మెదడుకూ ఒక తేడా చెప్పాలి. కాలువ మీద ఇంజినీర్లు సమావేశమై వంతులు నిర్ణయిస్తారు, లస్కరు వచ్చి షట్టరు ఎత్తుతాడు, మధ్యలో ఒకరిద్దరు నాయకుల ఫోన్లు కూడా ఉంటాయి. మెదడులో అటువంటి కార్యాలయం ఏదీ లేదు. పనిలోకి దిగిన నాడీకణాలే రసాయన సంకేతాలు వదులుతాయి. నాడీకణానికీ రక్తనాళానికీ మధ్య చేతులు చాచి కూర్చున్న ఆస్ట్రోసైట్లు అనే కణాలు కూడా ఆ కబురు అందించడంలో పాలుపంచుకుంటాయి, లస్కరు పని ఇక్కడ కొంతవరకు వాటిదే. సన్నని ధమని గోడలోని కండరం సడలి నాళం వెడల్పవుతుంది. ఒకటి రెండు సెకన్లలో ఆ చోటికి రక్తం పెరగడం మొదలై, అయిదారు సెకన్లకు ఉచ్చస్థాయికి చేరుతుంది. కబురు పంపిన నాలుగు రోజులకు నీరు వచ్చే శివారు రైతు ఈ మాట విని అసూయపడినా తప్పు లేదు.

(తెర మీద: బూడిద రంగు మెదడు చిత్రం మీద ఎర్రని మచ్చలు.)

ఈ రక్తపు కదలికనే 1990లో సీజీ ఒగావా ఎంఆర్‌ఐ యంత్రంతో చూడవచ్చని నిరూపించారు. ఆక్సిజన్ ఉన్న హిమోగ్లోబిన్, ఆక్సిజన్ వదిలేసిన హిమోగ్లోబిన్ అయస్కాంత క్షేత్రంలో వేర్వేరుగా ప్రవర్తిస్తాయి, ఆ తేడాయే చిత్రమవుతుంది. పత్రికల్లో మీరు చూసే ఎర్రమచ్చల మెదడు బొమ్మలు ఈ పద్ధతిలో వచ్చినవే. పది శాతం అపోహకు ఇటీవలి కాలంలో ఎక్కువ నీరు పోసింది కూడా ఈ బొమ్మలేనని నాకు అనుమానం. మచ్చ ఉన్న చోట మాత్రమే మెదడు పనిచేస్తోందని చూసినవారు అనుకుంటారు. నిజానికి మచ్చ చెప్పేది, ఒక పని చేయకముందుకూ చేస్తున్నప్పటికీ ఉన్న తేడాను మాత్రమే. మచ్చ లేని చోట కూడా మామూలు నీరు పారుతూనే ఉంటుంది. మార్కస్ రైకిల్ వంటి పరిశోధకులు చూపినదాని ప్రకారం ఒక పనిలో మునిగినప్పుడు పెరిగే ఖర్చు సాధారణంగా 5 శాతం లోపే. మిగిలినదంతా మనం ఏ పనీ చేయడం లేదనుకుంటున్న సమయంలోనూ ఖర్చవుతూనే ఉంటుంది.

తూములన్నీ ఒకేసారి ఎత్తితే ఏమవుతుందో కూడా తెలిసినదే. తొంభై శాతాన్ని మేల్కొల్పుతామనేవారు ఒక్కసారి మూర్ఛ (ఫిట్స్) వచ్చిన మనిషిని చూడాలి. పెద్ద సంఖ్యలో నాడీకణాలు అదుపు తప్పి, ఒకే తాళంలో ఒకేసారి సంకేతాలు పంపితే వచ్చేది మేధస్సు కాదు, మూర్ఛ. గట్టు తెగిన కాలువ ఏ మడికీ పనికిరాదు.

ఒక లోపం కూడా చెప్పి ముందుకు వెళతాను. మన కాలువ వెనుక సోమశిల ఉంది, మెదడు వెనుక అటువంటి నిల్వ దాదాపు లేదు. రక్తం ఆగిపోతే పది సెకన్ల లోపే స్పృహ తప్పుతుంది, కొద్ది నిమిషాల్లో కణాలు చనిపోవడం మొదలవుతుంది. అందుకే మూతి వంకర పోయినా, చేయి పడిపోయినా, మాట తడబడినా పసరు కోసమో పొద్దు కోసమో ఎదురుచూడకూడదు. నాళంలో అడ్డుపడిన రక్తపు గడ్డను కరిగించే మందును సాధారణంగా లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల లోపే ఇస్తారు.

సమయం అయిపోతోంది కనుక మిగిలినవి త్వరగా చెబుతాను. నీరు రాని భూమిని మెదడు బీడు పెట్టదు, పక్కవారికి కౌలుకు ఇచ్చేస్తుంది. చిన్నతనం నుంచే చూపు లేనివారు వేళ్లతో బ్రెయిలీ చదువుతున్నప్పుడు, చూపు కోసం ఏర్పడిన వల్కల భాగం పనిచేస్తోందని 1996లో తేలింది. పిల్లల విషయానికి వస్తే, అయిదేళ్ల వయసులో శరీరం ఒక రోజులో ఖర్చుచేసే శక్తిలో 40 శాతానికి పైగా మెదడే తీసుకుంటుంది. ఆ వయసు బిడ్డకు గంతలు కట్టే తరగతి కంటే వేళకు అన్నం, నిద్ర ముఖ్యమని నేను అనడానికి కారణం ఇదే.

ఈ పది శాతం మాట ఎక్కడ పుట్టిందని చాలామంది అడిగారు. 1907లో అమెరికా మనస్తత్వవేత్త విలియం జేమ్స్, మనకున్న మానసిక, శారీరక శక్తులలో కొద్ది భాగాన్నే వాడుకుంటున్నామని రాశారు. ఆయన ఏ శాతమూ చెప్పలేదు. 1936లో లోవెల్ థామస్ అనే రచయిత ఒక ప్రసిద్ధ పుస్తకానికి ముందుమాట రాస్తూ ఆ మాటకు పది శాతం అనే అంకెను తగిలించారు. మెదడు కణజాలం గురించి ఇద్దరూ మాట్లాడలేదు, కానీ ఆ అంకె మాత్రం మన గోడల దాకా వచ్చింది.

చివరగా, అష్టావధానం చూసినవారు అడిగే ప్రశ్న. అవధాని ఎనిమిది మందికి ఒకేసారి జవాబు చెబుతున్నాడు కదా, అతని మెదడుకు వంతులు లేవా? జాగ్రత్తగా గమనించండి. అవధాని ఒక పృచ్ఛకుడికి ఒక పాదం చెప్పి తరువాతి వారి వద్దకు వెళతాడు. ఆవృత్తానికి ఒక్కొక్క పాదం చొప్పున పద్యం పూర్తవుతుంది, మధ్యలో అప్రస్తుత ప్రసంగం చేసేవాడు గండి కొట్టడానికి ప్రయత్నిస్తూనే ఉంటాడు, గంటలు లెక్కపెట్టవలసి కూడా ఉంటుంది. శ్రద్ధ ఒక సమయంలో ఒకరి మీదే నిలుస్తుంది. వదిలి వచ్చిన పాదాన్ని చెరగకుండా ఉంచి, వంతు తిరిగి వచ్చినప్పుడు సరిగ్గా అక్కడి నుంచే అందుకోవడంలో ఉంది ఆ విద్య అంతా. చివర్లో ధారణ సమయంలో పద్యాలన్నీ వరుసగా అప్పజెబుతాడు. ఆ పాదాలు అంతసేపూ మెదడులో ఎక్కడ, ఏ రూపంలో నిలిచి ఉంటాయన్నది జ్ఞాపకశక్తికి సంబంధించిన పెద్ద విషయం. దానిని వచ్చే వీడియోలో, జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోక్యాంపస్ అనే మెదడు భాగంతో మొదలుపెట్టి చెబుతాను.