అహాబు అలక
(కోత పండుగ కూడికలో చేసిన ప్రసంగ పాఠం)

పాస్టరుగారికి, సంఘ పెద్దలకు, పై ఊళ్ళ నుంచి వచ్చిన సేవకులకు, అక్కచెల్లెళ్ళకు, అన్నదమ్ములకు, లోపలికి రమ్మన్నా రాకుండా ఆ వెనక చెట్టుకింద నుంచున్న కుర్రాళ్ళకు కూడా వందనాలండి. పందిరి వేసినవాళ్ళకు, తెల్లారకుండానే అరటి గెలలు మోసుకొచ్చినవాళ్ళకు, మైకు తెచ్చినవాళ్ళకు... పేర్లు మొదలెడితే ఎవరో ఒకరు మిగిలిపోతారు, ఏడాదంతా ఆ మాట పడాలి. అందరికీ కలిపి ఒకటే వందనం.

నాకిచ్చిన అంశం ‘దురాశను జయించి తృప్తిగా జీవించుట’. నా తర్వాత ప్రథమ ఫలాల వేలంపాట. దురాశ మీద ప్రసంగం పెట్టి, ఆ వెంటనే వేలం పెట్టిన కమిటీవారి ధైర్యాన్ని మెచ్చుకోవాలి. నిరుడు మీరంతా ఉన్నారు కదా, గుమ్మడికాయ సంగతి గుర్తుందా? ఒకే ఇంటిపేరువాళ్ళిద్దరు పట్టుదలకు పోయి, ఆ కాయను బస్తా బియ్యం రేటు దాటించారు. పాట నెగ్గినాయన కాయ ఇక్కడే వదిలేసి వెళ్ళిపోయాడు. ఆయనకు కావలసింది కాయ కాదు, రెండో ఆయన తగ్గడం. సంఘానికి డబ్బు వచ్చింది కాబట్టి మనం చప్పట్లు కొట్టాం. సరే, అదలా ఉంచండి.

పది ఆజ్ఞల్లో చివరిది చూడండి. పొరుగువాడి ఇల్లు, ఎద్దు, గాడిద, అతనిది ఏదీ ఆశించకూడదు. దొంగతనానికి, నరహత్యకు పోలీసు స్టేషనుంది. దీనికి లేదు. పక్కవాడి డాబా వైపు చూస్తూ నేను పళ్ళు తోముకుంటుంటే నా మనసులో ఏముందో ఏ ఎస్సైకి తెలుస్తుంది? ‘ఆశింపవద్దు’ అన్న ఆజ్ఞ లేకపోతే దురాశ అంటే ఏమిటో నాకు తెలిసేదే కాదని పౌలంతటివాడు రోమీయులకు రాశాడు.

ఇంకో సంగతి. మోషే రాసిన పట్టీలో ఫరో రాజభవనం లేదు. ఉన్నవన్నీ పొరుగువాడివే. మనమూ అంతే. అంబానీ ఇల్లు చూసి మనకెవరికీ నిద్ర చెడదు. గట్టు అవతల రొయ్యల చెరువులో గాలి కొట్టే ఏరేటరు కొత్తది దిగితే చెడుతుంది. ఎదురింటావిడ కువైట్ నుంచి పంపిన డబ్బుతో రెండో అంతస్తు లేస్తే చెడుతుంది. ఆ అంతస్తు కోసం ఆవిడ ఎన్నేళ్ళు పిల్లల మొహం చూడకుండా పరాయి వంటింట్లో ఉందో, అది మాత్రం ఎవరూ ఆశించరు.

రాజుల మొదటి గ్రంథం ఇరవై ఒకటో అధ్యాయం మీకు తెలిసిందే. అహాబు ఇశ్రాయేలుకు రాజు. ఆయన రాజనగరు పక్కనే నాబోతు అనే ఆయన ద్రాక్షతోట. కూరతోట వేసుకుంటాను ఇమ్మన్నాడు. రాజ్యం మొత్తం ఉన్నవాడికి నాలుగు తోటకూర మళ్ళకు చోటు లేదంట! నిజం చెప్పాలంటే బేరంలో మోసం లేదు. ఇంతకంటే మంచి తోట ఇస్తాను, కాదంటే డబ్బిస్తాను అన్నాడు. నాబోతు, నా పిత్రార్జితం ఇవ్వడం నాకు వల్లపడదన్నాడు. రాజుగారు ఇంటికొచ్చి, మంచమెక్కి, మొహం తిప్పుకుని, అన్నం మానేసి పడుకున్నాడు. మన ఇళ్ళల్లో బండి కొనిపెట్టలేదని పడుకుంటారే, అచ్చం అలాగే. ఆ అలక తీర్చడానికి భార్య యెజెబెలు తాకీదులు రాయించింది, ఇద్దరు దొంగసాక్షులను నిలబెట్టింది, నాబోతును రాళ్ళతో కొట్టి చంపించింది.

ఈ కథ చెప్పినప్పుడల్లా అందరూ అహాబు దగ్గరే ఆగిపోతారు. నేను నాబోతు గురించి మాట్లాడదామనే ఇవాళ మైకు ముందుకొచ్చాను. ఆ కథలో తృప్తి ఉన్న మనిషి ఆయన. మంచి తోట ఇస్తానన్నా అక్కర్లేదన్నాడు, డబ్బన్నా అక్కర్లేదన్నాడు. మరి తృప్తిగలవాడు నోరుమూసుకుని పడి ఉంటాడని మనకు ఎవరు నేర్పారండి? ఆయన రాజు మొహం మీదే కుదరదని చెప్పాడు.

మా మేనత్త ఇక్కడే కూర్చుంది. అదిగో, నావైపే చూస్తోంది. అత్తా, పేరు చెప్పనులే. ఆవిడకు అరెకరం ఉంది. చుట్టూ వనామీ రొయ్యల చెరువులొచ్చాయి. మూడు వైపులా ఒకాయనవే. ఈ అరెకరం కూడా కలిస్తే ముక్క చదరంగా వస్తుందని ఆయన ఆశ. పూతరేకుల పెట్టె పట్టుకొచ్చి, “మామ్మగారూ, కాలవ అవతల దీనికి రెట్టింపు ఇస్తానండి, లేదంటే మీరు చెప్పిన రేటండి” అన్నాడు. నేను అరుగు మీదే ఉన్నాను. అత్త పెట్టె తీసుకుంది, చేను ఇవ్వనంది. “బాబూ, నీకు పదహారెకరాలుంది. రాత్రిళ్ళు నిద్రపోక నా అరెకరం మీద పొర్లుతున్నావా?” అని అడిగింది.

ఆ తర్వాతి ఏడాది సార్వాకు ఊడ్చిన చేను చివర్లు మాడాయి. చెరువులో ఉప్పునీరు గట్టు కింద నుంచి ఊరుతోంది. చెరువుకూ చేనుకూ మధ్య బోదె తవ్వి ఆ ఊటనీరు మురుక్కాలవలోకి పంపాలి. తవ్వాల్సింది చెరువాయన. తవ్వించింది అత్త, తన భూమిలో, తన డబ్బుతో. అరెకరంలో ఒక అంచు పోయింది. మిగిలిన దాంట్లో వరి వేసింది, దాళ్వా మానేసింది. ఎంతమంది పెద్దమనుషుల చుట్టూ తిరిగామో అడగండి. “ఎందుకండీ ఈ టెన్షను, అమ్మేసుకోవచ్చు కదా” అన్నవాళ్ళే అందరూ. ఒక బోధకుడైతే, సంతుష్టి సహితమైన దైవభక్తి గొప్ప లాభసాధనమని ఆవిడకే వాక్యం వినిపించి వెళ్ళాడు! ఆ వాక్యం వినాల్సిన ఇల్లు పక్క వీధిలో ఉంది. అక్కడ భోజనం పెడతారు కాబట్టి అక్కడ వేరే వాక్యం చదువుతారు. నాకు ఇప్పటికీ మండుతుంది, క్షమించండి.

ఆ మరుసటేడు చెరువులకు తెల్లమచ్చ రోగం తగిలింది. రొయ్య మొత్తం పోయింది. దేవుడు తీర్పు తీర్చాడని మనవాళ్ళు కొందరు ప్రార్థనలోనే అనేశారు. అత్త ఒప్పుకోలేదు. “రొయ్యలకు రోగమొస్తే అది తీర్పేమిట్రా? నా బోదె ఖర్చు ఇప్పించండి, చాలు” అంది.

టైము అయిపోయిందని పాస్టరుగారు వాచీ చూపిస్తున్నారు. అయిపోవచ్చిందండి.

ఆవిడ ఆయన చెరువు అడగలేదు, ఆయన నష్టం కోరలేదు. తనకు రావలసింది అడిగింది. దాన్ని దురాశ అనకండి. ఏ స్థితిలో ఉన్నా సంతృప్తిగా ఉండడం నేర్చుకున్నానని ఫిలిప్పీయులకు రాసినప్పుడు పౌలు సంకెళ్ళలో ఉన్నాడు. అదే పౌలు, తనను విచారణ లేకుండా కొట్టి చెరసాలలో వేసి, రహస్యంగా వెళ్ళగొడతామంటే ఒప్పుకోలేదు. అధికారులే వచ్చి బయటికి తీసుకెళ్ళాలన్నాడు. అదెక్కడ జరిగింది? ఆ ఫిలిప్పీలోనే. అపొస్తలుల కార్యాలు పదహారు, ఇంటికెళ్ళి చదవండి.

మన నరసాపురం, పాలకొల్లు వైపు సువార్త తెచ్చినవాళ్ళనే చూడండి. బౌడెన్, బీర్ దొరలంటాం కానీ వాళ్ళు దొరలు కారు. ఒకాయన రాతిపనివాడు, ఒకాయన చెప్పులు కుట్టేవాడు. 1836లో భార్యలతో ఓడ దిగారు. జీతమిచ్చే సొసైటీ ఏదీ వెనక లేదు. వాళ్ళను తీసుకొచ్చిన గ్రోవ్స్‌గారు ఇంగ్లండులో పళ్ళ డాక్టరు, నడుస్తున్న ప్రాక్టీసు వదులుకున్నాడు. వదిలింది తన సొమ్ము. మన దగ్గర తృప్తి గురించి చెప్పేది కడుపు నిండినవాడు, వినేది షెడ్డులో రొయ్య తలలు తీసే ఆడకూతురు. వేళ్ళ సందుల్లో పుళ్ళు పడి, ఆ చేతులతోనే ఇక్కడ కానుక వేస్తుంది. ఆవిడ కిలోకు రూపాయి ఎక్కువ అడిగితే ధనాపేక్ష అంటారా? చేలు కోసినవాళ్ళకు ఇవ్వకుండా బిగబట్టిన కూలి మొర్రపెడుతోందని యాకోబు రాశాడు. ఆ ఐదో అధ్యాయం మీద ఈ మైకులో ప్రసంగం విన్నవాళ్ళెవరైనా ఉంటే చెయ్యెత్తండి. చూశారా.

ఇవాళ కోత పండుగ. ఊడ్పుల కూలి, రొయ్యల పట్టుబడి కూలి, బోదె ఖర్చు, ఏది బాకీ ఉన్నా ముందు అది ఇచ్చి రండి. కానుక సంచి ఇప్పుడు వస్తుంది. బాకీ ఉన్నవాళ్ళు ఈ వారం అందులో వెయ్యకపోయినా ఎవరూ ఏమీ అనుకోరు. పాస్టరుగారు కొంచెం అనుకోవచ్చు, ఆయనతో నేను మాట్లాడతాను. వందనాలు.