ఖఫ్రా పిరమిడ్ కింద ఏం దాచారు? – స్టూడియో చర్చ

యాంకర్: నమస్కారం. గీజాలోని ఖఫ్రా పిరమిడ్ అడుగున 648 మీటర్ల లోతు దాకా స్తంభాలున్నాయని 2025 మార్చిలో ఇటలీ పరిశోధకులు ప్రకటించారు. ఈజిప్టు మాజీ పురావస్తు మంత్రి జాహీ హవాస్ వెంటనే కొట్టిపారేశారు. అంత కంగారెందుకు? ఏదైనా దాస్తున్నారా? రచయిత గారూ, మీతోనే మొదలుపెడదాం.

రచయిత: దాస్తున్నారు మేడమ్, డౌటే లేదు! రాగి ఉలితో గ్రానైట్ చెక్కారంటే పసిపిల్లాడు కూడా నమ్మడు.

ప్రొఫెసర్: రాగి ఉలి సున్నపురాయికండీ. గ్రానైట్‌కు డోలరైట్ అనే గట్టి రాతి గుండ్లు వాడారు, రంపం కింద ఇసుక పోసి...

రచయిత: నన్ను పూర్తి చెయ్యనివ్వండి సార్!

ప్రొఫెసర్: ఇందాకట్నుంచీ మీరే కదా...

యాంకర్: ఇద్దరికీ సమాన సమయం ఇస్తాను. రచయిత గారూ, చెప్పండి.

రచయిత: శాటిలైట్ రాడార్‌లో స్పష్టంగా కనిపించింది.

ఇంజనీర్: రాడార్ తరంగం ఎండు ఇసుకలోనే కొద్ది మీటర్లకు మించి దిగదు. ఈ ఇటలీ వాళ్లు నేల కంపనాల్ని బట్టి లెక్కగట్టామంటున్నారు.

యాంకర్: అంటే ఏదో ఉన్నట్టేగా?

ఇంజనీర్: నేనన్నది అది కాదండీ...

ప్రొఫెసర్: ఇదే పిరమిడ్‌ను 1960ల్లో భౌతిక శాస్త్రవేత్త లూయిస్ అల్వారెజ్ మ్యూయాన్లతో, అంటే ఆకాశం నుంచి పడుతూ రాళ్లలోంచి కూడా దూసుకెళ్లే కణాలతో పరీక్షించారు. 1818లో లోపలికెళ్లిన ఇటలీ అన్వేషకుడు బెల్జోనీ, గోడమీద తన పేరు మసితో ఇంతింత అక్షరాల్లో రాసుకున్న గది ఉందే, పరికరం అక్కడే పెట్టారు. చూసినంత మేర రహస్య గది దొరకలేదు.

రచయిత: చూసినంత మేర! ఎంత చూశారు?

ప్రొఫెసర్: సుమారు 19 శాతం.

రచయిత: మిగతా 81?

యాంకర్: ప్రేక్షకులు గమనించాలి, 81 శాతం!

ప్రొఫెసర్: అది గదికి పైనున్న రాతికట్టు లెక్కమ్మా! అడుగున ఉందంటున్న స్తంభాలకూ దానికీ...

(ముగ్గురూ ఒకేసారి)

రచయిత: ...పక్కనే ఉన్న ఖుఫు పిరమిడ్‌లో 30 మీటర్ల ఖాళీ 2017లో బయటపడలేదా?

ప్రొఫెసర్: బయటపడింది, వెంటనే ప్రకటించారు. దాచిందెక్కడ? ఎర్రసముద్రం ఒడ్డున వాదీ అల్ జర్ఫ్‌లో 2013లో పపైరస్‌లు, అంటే ఆనాటి రెల్లుకాగితాల రాతలు, దొరికాయి. మెరెర్ అనే అధికారి, తూరా క్వారీ నుంచి ఖుఫు పిరమిడ్‌కు పడవల్లో రాళ్లెలా తరలించారో రోజువారీగా...

రచయిత: పైకెలా ఎత్తారో రాశాడా?

ప్రొఫెసర్: అది రవాణా లెక్కండీ, అందులో...

రచయిత: లేదు! నేను మొదట్నుంచీ చెప్తున్నది అదే!

యాంకర్: కాలర్ లైన్లో ఉన్నారు. హైదరాబాద్ మ్యూజియంలోని మమ్మీకి శాపం ఉందా అని అడుగుతున్నారు...

ఇంజనీర్: దానికీ దీనికీ సంబంధమేంటండీ?

యాంకర్: టైమైపోతోంది. ప్రొఫెసర్ గారూ, పది సెకన్లు.

ప్రొఫెసర్: తవ్వి చూడకుండా స్తంభాలున్నాయని...

రచయిత: తవ్వనివ్వరుగా!

యాంకర్: తవ్వనివ్వరంటున్నారు రచయిత గారు. ఎందుకు తవ్వనివ్వరు? బ్రేక్ తర్వాత.