గడ్డి నుంచి ఇథనాల్: నీళ్ళు ఎక్కడ పోతున్నాయి?

[దృశ్యం: ఏప్రిల్ ఎండ. దాళ్వా కోసిన చేలో బేలర్ గడ్డి కట్టలు కడుతోంది. గట్టు పక్కన పంట కాలువ, అడుగున బురద.]

గోదావరి డెల్టాలో ఒక చిక్కుందండి. దాళ్వా గడ్డి గలగలా ఎండి కట్టలకి సిద్ధమయ్యేది ఏప్రిల్, మే నెలల్లో. సరిగ్గా ఆ రోజుల్లోనే ధవళేశ్వరం నుంచి కాలువలు కట్టేస్తారు. గడ్డి నుంచి ఇథనాల్ తీసే ప్లాంటు ఇక్కడ పెడితే సరుకు చేతికొచ్చే వేళకి నీళ్ళుండవు. బోరు వేద్దామంటే, సముద్రం దగ్గరపడేకొద్దీ చాలాచోట్ల ఉప్పునీళ్ళే.

హర్యానాలోని పానిపట్‌లో ఇండియన్ ఆయిల్ ఇలాంటి ప్లాంటును 2022లో ప్రారంభించింది. ఏడాదికి సుమారు 2 లక్షల టన్నుల వరిగడ్డితో 3 కోట్ల లీటర్ల ఇథనాల్ తీసేలా కట్టారు. మన దగ్గర పశువుల మేతకి పోను మిగిలే గడ్డితో అదే పని చేయాలంటే ముందు నీళ్ళ లెక్క తేలాలి.

[దృశ్యం: గడ్డిపరక దగ్గరగా. వేళ్ళతో విరిస్తే టప్పున విరుగుతుంది.]

గడ్డిలో చక్కెర ఉంది, కానీ సెల్యులోజ్ రూపంలో బిగుసుకుపోయి ఉంది, దాని చుట్టూ లిగ్నిన్ అనే గట్టి పదార్థం. అందుకే గడ్డిని ముందు ఆవిరితో, ఒత్తిడిలో ఉడికించి ఒక్కసారిగా వదులుతారు. పీచు విచ్చుకుంటుంది. తర్వాత ఎంజైమ్‌లు దాన్ని చక్కెరగా విడగొడితే, ఈస్ట్ ఆ చక్కెరని ఇథనాల్‌గా మారుస్తుంది. ఈ రెండూ పని చేయాలంటే నీళ్ళు కావాలి.

ఎన్ని నీళ్ళన్నదే అసలు సంగతి. టన్ను పొడిగడ్డిని 15 శాతం చిక్కదనంతో, అంటే మొత్తం బరువులో గడ్డి 15 శాతం ఉండేలా కలిపితే సుమారు 5,700 లీటర్లు పడతాయి. అదే 30 శాతంతో కలిపితే 2,300 చాలు.

[దృశ్యం: రెండు గాజు జాడీలు. ఒకదాంట్లో పలచని ద్రవం, ఇంకోదాంట్లో గరిటె నిలబడేంత ముద్ద.]

మరి అందరూ చిక్కగానే కలపొచ్చుగా? అక్కడే ఉంది తంటా. 30 శాతం దగ్గర అది పారదు, పేడలా ముద్దకడుతుంది. కలిపే మోటారు మూలుగుతుంది, ఎంజైమ్ లోపలిదాకా పోదు, పైగా చక్కెర పోగుపడేకొద్దీ ఎంజైమ్ పనే మందగిస్తుంది. దీనికో ఉపాయం ఉంది: గడ్డి మొత్తం ఒకేసారి వేయకుండా విడతలుగా వేయడం. మొదటి విడత కరిగి పలచబడ్డాకే రెండోది. ఓపిక కావాలి, కానీ పని జరుగుతుంది.

దీనివల్ల మిగిలేవి ఆ తొట్టిలో నీళ్ళు మాత్రమే కాదు. పలచని ద్రవంలో ఇథనాల్ తక్కువ, నీళ్ళు ఎక్కువ. ఇథనాల్‌ని మరిగించి వేరుచేయాలంటే ఆ నీళ్ళన్నిటినీ వేడి చేయడానికి ఆవిరి, వచ్చిన ఆవిరిని చల్లార్చడానికి మళ్ళీ నీళ్ళు. ఇలాంటి ప్లాంటులో ఎక్కువ నీళ్ళు గాల్లో కలిసిపోయేది, వేడెక్కిన ఆ నీళ్ళని చల్లబరిచే కూలింగ్ టవర్ దగ్గరే.

[దృశ్యం: టవర్ పైనుంచి లేస్తున్న ఆవిరి.]

టవర్‌లో నీళ్ళు ఆవిరైపోతాయి, ఉప్పు మిగిలిపోతుంది. అది ముదిరితే పైపుల్లో గారపడుతుంది కాబట్టి కొంత నీటిని బయటికి వదలాలి. ఉప్పు 6 రెట్లు ముదిరేదాకా ఆగగలిగితే, ఆవిరైన ప్రతి 100 లీటర్లకీ 120 లీటర్లు పోస్తే సరిపోతుంది. 3 రెట్లకే వదిలేయాల్సి వస్తే 150 పోయాలి. ఉప్పు బోరు నీళ్ళతో రెండో పరిస్థితే వస్తుంది. నన్నడిగితే, దాళ్వా గడ్డిని వాములేసి దాచుకుని, ప్లాంటు మరమ్మతులు మే నెలలో పెట్టుకోవడం మేలు. సార్వా గడ్డి మీద మరీ ఆశ పెట్టుకోకూడదు. నవంబరు వానల్లో తడిసి బురదతో వస్తే, దాన్ని కడగడానికి ఇంకొన్ని నీళ్ళు.

[దృశ్యం: మురుగు డ్రెయిన్, అవతల రొయ్యల చెరువుల్లో ఏరేటర్లు తిరుగుతున్నాయి.]

ఇథనాల్ తీశాక అడుగున మిగిలే ముదురురంగు నీళ్ళున్నాయి కదా, వాటిలో కొంత మళ్ళీ కలిపే తొట్టికే పంపొచ్చు. కానీ తిప్పినకొద్దీ ఆమ్లాలు, లవణాలు పేరుకుని ఈస్ట్ చతికిలబడుతుంది. కాబట్టి మిగతాది ఇగరబెట్టాలి. ఆ ఆవిరిని చల్లార్చి వచ్చిన నీళ్ళు శుద్ధి చేసి మళ్ళీ వాడుకోవచ్చు. మిగిలిన చిక్కటి పాకం, లిగ్నిన్‌తోపాటు బాయిలర్‌లోకి వెళుతుంది. ఈ ఖర్చుకి వెనకాడి డ్రెయిన్‌లోకి వదిలేస్తే, దిగువన అదే డ్రెయిన్ నుంచి నీళ్ళు తోడుకునే చెరువు రైతు ఊరుకోడు.